ప్రాథమిక పాఠశాలలో రోబోటిక్స్ క్లబ్: మొదటి శనివారం నుంచి పోటీ బల్ల దాకా

జూన్ 12న బడులు తెరిచిన వారం నుంచే అనంతపురం చుట్టుపక్కల టీచర్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న: "ఏ కిట్ కొనాలి సార్?" ఆ ప్రశ్న వరుసలో నాలుగోది కావాలి. ముందు పిల్లలు, తర్వాత పెద్దలు, ఆ తర్వాత గది, చివరికి కిట్. ఈ వరుస తప్పిన క్లబ్బులు దసరా సెలవులకల్లా బీరువాలోకి చేరిపోవడం చూశాను. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో క్లబ్ నడపాలనుకునే వారి కోసం పనులను చేయవలసిన క్రమంలోనే రాస్తున్నాను.

## 1. పిల్లలు, పెద్దలు, గోడ మీద ఒక నియమం

మొదటి ఏడాది పన్నెండు మందికి మించవద్దు. ముగ్గురికి ఒక రోబో చొప్పున నాలుగు జట్లు. జట్టులో నలుగురుంటే నాలుగో పిల్లవాడు కిటికీలోంచి మైదానం చూస్తూ కూర్చుంటాడు. ఇద్దరే ఉంటే, ఒకరు రాని రోజు రెండో పిల్లకు పని సాగదు.

మార్కులు చూసి ఎంపిక చేయకండి. పేర్లు ఇచ్చినవారిలో చీటీలు తీయండి. మిగిలినవారికి వచ్చే ఏడాది మొదటి అవకాశం అని రాసి పెట్టండి.

పెద్దలు ఇద్దరు కావాలి. ఒకరు పిల్లల దగ్గర, మరొకరు సెల్లు, సోల్డరింగ్, తాళాల దగ్గర. జేఎన్‌టీయూ విద్యార్థులనో, మీ ఊరి దగ్గరి ఇంజినీరింగ్ కళాశాల వారినో అడగవచ్చు. ఒక్క రోజు పది మంది వచ్చి ఫొటోలు దిగి వెళ్లడం కన్నా, ప్రతి శనివారం వచ్చే ఇద్దరు మేలు.

మొదటి వారంలోనే తల్లిదండ్రులను పిలిచి ఒక నియమం చెప్పండి: రోబో మీద పిల్లల చేతులే పడాలి. పెద్దలు ప్రశ్న అడగవచ్చు, వేలు చూపించవచ్చు, స్క్రూ మాత్రం తిప్పకూడదు. ఈ నియమాన్ని మొదట తప్పింది నేనే. ఒక పోటీకి ముందు రోజు రాత్రి వదులైన చక్రాన్ని నేనే సర్ది పెట్టాను. మర్నాడు బల్ల మీద అది ఊడింది. నేను ఎలా బిగించానో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. నేనేమో, పోటీలో పెద్దలు దాటకూడని గీతకు అవతల నిలబడి ఉన్నాను.

జట్టులో పనులు మూడు: కట్టేవారు, ప్రోగ్రాం రాసేవారు, నోటు పుస్తకం రాసేవారు. ప్రతి వారం మార్చండి. మార్చకపోతే ఏమవుతుందో చెబుతాను. నాలుగు వారాలు తిరిగేసరికి లాప్‌టాప్ ఒక అబ్బాయి సొంతమవుతుంది, అమ్మాయిలు చార్టుకు రంగులు వేస్తూ ఉంటారు. ఎవరూ కావాలని చేయరు, అయినా జరుగుతుంది. అందుకే ఈ వారం ఎవరిది ఏ పనో నల్లబల్ల మీద పేర్లతో సహా రాయండి.

## 2. గది, నేల, బల్ల

తాళం పడే బీరువా, రెండు ప్లగ్ పాయింట్లు, నేరుగా ఎండ పడని మూల చాలు. ఎండ సంగతి ఎందుకో అయిదో భాగంలో వస్తుంది.

మన బడుల్లో చాలా చోట్ల నేలకు కడప బండలు పరిచి ఉంటాయి. ఆ నేల మీద గీత వెంట నడిచే రోబోను పరీక్షించకండి. నల్లటి గీతను గుర్తించే సెన్సార్ నల్లటి బండ మొత్తాన్నీ గీతే అనుకుంటుంది. తెల్ల టేపు అంటించి తలకిందులుగా ప్రయత్నించినా, బండకూ బండకూ రంగు తేడా, మధ్యలో సిమెంటు అతుకులు. ఒక నెల మేము ఇలాగే వృథా చేసుకున్నాం.

బదులుగా బల్ల చేయించండి. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు అంటే 2440×1220 మి.మీ. పెద్ద పోటీల్లో బల్ల మీద పరిచే మ్యాట్ (రోబో నడిచే గీతలు, గుర్తులు ముద్రించిన షీటు) కొలత 2362×1143 మి.మీ. షీటు చుట్టూ 38 మి.మీ. మందం రీపర్లు నిలబెట్టి కొడితే లోపల మిగిలేది దాదాపు అంతే. వడ్రంగికి కాగితం మీద లోపలి కొలతలు రాసివ్వండి. బయటి కొలత చెబితే మ్యాట్ పట్టదు. రెండు బెంచీల మీద పెట్టి, బల్ల ఊగకుండా కాళ్ల కింద అట్టముక్కలు దోపండి.

మ్యాట్‌ను ఊళ్లో ఫ్లెక్స్ ముద్రించే దుకాణంలోనే వేయించుకోవచ్చు. మెరుపు లేని రకం అడగండి. మెరిసే ఫ్లెక్స్ మీద ట్యూబ్‌లైటు ప్రతిబింబం పడి సెన్సార్ లెక్క తప్పుతుంది. చుట్టి పెట్టండి, మడత పెట్టకండి. మడత పడిన చోట రోబో ప్రతిసారీ కాలు తడబడుతుంది.

## 3. ఇప్పుడు కిట్

రెండు దారులున్నాయి. లెగో వంటి కిట్లు ఒక్కొక్కటి పదుల వేల రూపాయలు. పిల్లల చేతికి బాగా ఒదుగుతాయి, మోటారు ఎన్ని డిగ్రీలు తిరిగిందో తానే లెక్కపెడుతుంది. రెండోది విడిభాగాలు. మాకు ఒక్కో రోబోకు సుమారు 2,000 రూపాయలు అయింది. మొదటి ఏడాదికి రెండో దారే నా సలహా. పోటీకి వెళ్లడం ఖాయమయ్యాక, ఆ పోటీ ఏ కిట్‌ను అనుమతిస్తుందో చదివి, అప్పుడు ఒకటో రెండో కొనండి.

ఈ విడిభాగాల దుకాణాలకు అనంతపురం నుంచి బెంగళూరు ఎస్పీ రోడ్, కర్నూలు నుంచి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దగ్గర. చిన్న భాగాలకు ఆన్‌లైన్ చాలు. మోటార్లు మాత్రం చేతితో తిప్పి చూసి కొనడం మంచిది.

ఒక్కో రోబోకు:

- ఆర్డుయినో ఊనో బోర్డు (ప్రోగ్రాంను నడిపే, రోబోకు మెదడు లాంటి బోర్డు), దాని కేబులు
- పసుపు రంగు బీఓ మోటార్లు (సెల్లతో నడిచే చిన్న గేరు మోటార్లు) రెండు, 65 మి.మీ. చక్రాలు రెండు, ముందు ఒక గుండు చక్రం
- ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ (బోర్డు చెప్పినట్టు మోటార్లకు కరెంటు అందించేది)
- ఐఆర్ సెన్సార్లు (నలుపు, తెలుపు తేడా గుర్తించేవి) రెండు
- మళ్లీ ఛార్జ్ చేసుకునే ఏఏ సెల్లు ఆరు, వాటి డబ్బా, ఒక స్విచ్
- జంపర్ వైర్లు, రెండో సంవత్సరానికి చిన్న సర్వో మోటార్ (చెప్పిన కోణానికి తిరిగి ఆగేది)

క్లబ్ మొత్తానికి: అదనంగా నాలుగు మోటార్లు, ఒక బోర్డు, ఒక మల్టీమీటర్, ఛార్జర్లు, నల్ల ఇన్సులేషన్ టేప్, సన్న స్క్రూడ్రైవర్లు, భాగాలు దాచడానికి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు.

సెల్లు ఆరే ఎందుకు? ఎల్298ఎన్ తన కోసం సుమారు 2 వోల్టులు మింగేస్తుంది. నాలుగు సెల్లు పెడితే 4.8 వోల్టుల్లో మోటారుకు మిగిలేది మూడు కూడా ఉండదు, బండి మూలుగుతుంది. ఆరు పెడితే 7.2 వోల్టులు. తరుగు పోగా అయిదు పైచిలుకు మిగులుతుంది, ఆ మోటార్లకు అది సరిపోతుంది.

లిథియం సెల్లు బలంగానే ఉంటాయి, కానీ ఎనిమిదేళ్ల పిల్లల చేతికి ఇవ్వకండి. సంచిలో ఒక తాళంచెవి రెండు కొసలకు తగిలితే చాలు, మంట అంటుకోగలదు.

## 4. మొదటి ఎనిమిది శనివారాలు

ఒక్కో శనివారం గంటన్నర. మొదటి పది నిమిషాలు డబ్బాలో భాగాలు లెక్కపెట్టడం, చివరి పది నిమిషాలు మళ్లీ లెక్కపెట్టి సర్దడం. ఈ ఇరవై నిమిషాలు తగ్గించకండి.

మొదటి వారం: రోబో లేదు. ఒక పిల్లకు కళ్లకు గంతలు. మిగిలిన ఇద్దరు మాటలతో ఆమెను బెంచీల మధ్య నడిపించాలి. "కొంచెం ముందుకు" అంటే ఎంత? గొడవ అక్కడే మొదలవుతుంది. చివరికి వాళ్లే "రెండు అడుగులు, కుడికి తిరుగు, ఒక అడుగు" అని రాసుకుంటారు. అదే వాళ్ల మొదటి ప్రోగ్రాం. ఆ కాగితం దాచండి.

రెండో వారం: సెల్లు, స్విచ్, మోటారు. వైర్లు తారుమారు చేస్తే మోటారు ఎదురు తిరుగుతుందని మీరు చెప్పకండి, వాళ్లకే తెలుస్తుంది.

మూడు, నాలుగు వారాలు: బండి కట్టడం. చాసిస్‌కు, అంటే బండి అడుగు పలకకు, అట్టముక్కయినా, ప్లైవుడ్ ముక్కయినా సరే. బరువైన సెల్ల డబ్బా చక్రాల ఇరుసుకు దగ్గరగా ఉండాలి. ముందు పెడితే చక్రాలు పట్టు తప్పి జారతాయి.

అయిదో వారం: కంప్యూటర్. ఆర్డుయినోకు బొమ్మల బ్లాకులతో ప్రోగ్రాం రాయడానికి ఎంబ్లాక్, పిక్టోబ్లాక్స్ వంటివి ఉన్నాయి. చవక బోర్డుల్లో చాలావాటికి సీహెచ్340 డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేయాలి. లేకుంటే బోర్డు కనబడదు. ఆ పని శుక్రవారమే ముగించండి. పన్నెండు మంది ఎదురుచూస్తుండగా డ్రైవర్ వెతుక్కోవడం నాకు అనుభవమే.

ఆరో వారం: దూరం. ఇది నాకు ఇష్టమైన పాఠం. చక్రం చుట్టూ దారం చుట్టి, విప్పి స్కేలు మీద పెట్టమనండి. 65 మి.మీ. చక్రానికి 20 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే మీటరుకు దాదాపు అయిదు చుట్లు. గణితంలోని పై (π) విలువ చెప్పకుండానే విషయం అర్థమైపోతుంది. బీఓ మోటారు చుట్లు లెక్కపెట్టదు కాబట్టి సెకన్లతో పట్టిక వేయించండి: ఒక సెకనుకు ఎంత దూరం, రెండుకు ఎంత, మూడుకు ఎంత. ఒక్కోటి అయిదుసార్లు కొలవాలి. అయిదుసార్లూ ఒకే జవాబు రాదు. ఆ తేడా ఎందుకన్న ప్రశ్న పిల్లల నుంచి వచ్చేదాకా ఆగండి.

ఏడు, ఎనిమిది వారాలు: గీత వెంట నడక. ఇన్సులేషన్ టేపు దాదాపు 18 మి.మీ. వెడల్పు ఉంటుంది. దానికి రెండు వైపులా, తెలుపు మీద పడేలా ఒక్కో సెన్సార్. రెండూ తెలుపు చూస్తే ముందుకు, ఎడమది నలుపు చూస్తే ఎడమకు, కుడిది చూస్తే కుడికి. మొదటి మ్యాట్ మీద పదునైన మలుపులు పెట్టకండి, పెద్ద వంకీలు చాలు.

## 5. రోబో మొండికేస్తే

"సార్, ఇది చెప్పిన మాట వినడం లేదు" అని పిల్లలు వచ్చినప్పుడు ప్రోగ్రాం జోలికి వెళ్లకముందు ఈ వరుసలో చూపించండి: సెల్లు, వైర్లు, చక్రాలు, సెన్సార్, ఆ తర్వాతే ప్రోగ్రాం. పెద్దలు కంప్యూటర్ దగ్గర మొదలుపెడతారు. జవాబు చాలాసార్లు సెల్ల డబ్బాలో ఉంటుంది.

బండి ఒక పక్కకు లాగుతుంది. ఏ రెండు బీఓ మోటార్లూ సరిగ్గా ఒకే వేగంతో తిరగవు. ముందు చక్రానికి జుట్టు, దారం చుట్టుకుందేమో చూడండి. తర్వాత వేగంగా ఉన్న మోటారుకు ప్రోగ్రాంలో వేగం కొద్దికొద్దిగా తగ్గించండి. సెల్లు మారితే ఈ అంకె కూడా మారుతుంది.

మోటారు కదలగానే బోర్డు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మోటారు లాగిన క్షణంలో వోల్టేజీ పడిపోతోంది. సెల్లు ఛార్జ్ చేయండి. బోర్డుకు వేరే కరెంటు ఇస్తే రెండింటి గ్రౌండ్ (మైనస్) వైర్లను తప్పక కలపండి. కలపకపోతే రోబో పూనకం వచ్చినట్టు ప్రవర్తిస్తుంది.

ప్రోగ్రాం బోర్డులోకి ఎక్కడం లేదు. 0, 1 పిన్నులకు ఏదైనా తగిలించారా? కంప్యూటర్ బోర్డుతో మాట్లాడేది వాటి గుండానే. ఆ రెండూ ఖాళీగా వదిలేయండి.

సర్వో పెట్టాక ఒక మోటారు వేగం అదుపు తప్పింది. ఊనోలో సర్వో లైబ్రరీ (సర్వోను నడిపే సిద్ధంగా ఉన్న ప్రోగ్రాం) వాడితే 9, 10 పిన్నుల మీద వేగ నియంత్రణ పని చేయదు. మోటార్ల వేగం వైర్లను 5, 6 పిన్నులకు మార్చండి.

ఉదయం నడిచిన గీత మధ్యాహ్నం నడవదు. ఎండ. ఐఆర్ సెన్సార్ చూసేది పరారుణ కాంతిని. సూర్యకాంతిలో అది కావలసినంత ఉంది. కిటికీ తెర వేయండి, సెన్సార్ చుట్టూ నల్ల చార్టు కాగితంతో చిన్న గొట్టం కట్టండి, సెన్సార్‌ను నేలకు సెంటీమీటరు లోపు దించండి. ఆ తర్వాత సెన్సార్ మీది చిన్న స్క్రూ తిప్పి సర్దండి. కొత్త గదికి వెళ్లిన ప్రతిసారీ ఈ సర్దుబాటు మళ్లీ చేయాల్సిందే.

మలుపు ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ. టైర్లకు దుమ్ము. మన గాలికి అరగంటలో పట్టేస్తుంది. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. వేగం కూడా తగ్గించండి. పిల్లలు దీనికి ఒప్పుకోరు, పట్టిక చూపిస్తే ఒప్పుకుంటారు.

ఒక్కసారికి ఒక్క మార్పే. రెండు మార్చి బాగుపడితే ఏది బాగుచేసిందో తెలియదు.

## 6. ఏ పోటీకి, ఎప్పుడు

మొదటి ఏడాది బయటి పోటీకి వెళ్లకండి. నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, మీ బడిలోనే పెట్టండి. దగ్గరి రెండు బడులను పిలవండి. మా ఆట వేరుశనగ మూటలు: అగ్గిపెట్టెలే మూటలు, పొలం నుంచి కళ్లానికి రెండు నిమిషాల్లో ఎన్ని చేరిస్తే అన్ని మార్కులు. నిబంధనలు పిల్లలతోనే రాయించండి. నిబంధన రాసిన పిల్లలకు నిబంధన చదవడం వస్తుంది, అది తర్వాత పనికొస్తుంది.

రెండో ఏడాదికి:

- ఫస్ట్ లెగో లీగ్ ఎక్స్‌ప్లోర్: 6 నుంచి 10 ఏళ్లవారికి. గెలుపోటములు లేవు, కట్టిన నమూనా, నేర్చుకున్నది చూపించి మాట్లాడతారు. ప్రాథమిక బడికి మొదటి మెట్టుగా ఇదే సరైనది.
- ఫస్ట్ లెగో లీగ్ ఛాలెంజ్: 9 ఏళ్లు నిండినవారికి. బల్ల మీద రెండున్నర నిమిషాల ఆట. దానితో పాటు ఒక సమస్యకు పరిష్కారం, రోబో రూపకల్పన, జట్టుగా పని చేసిన తీరు కూడా న్యాయనిర్ణేతలు చూస్తారు. ఐదో తరగతి పిల్లలకు కష్టమే, అసాధ్యం కాదు.
- వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్, రోబోమిషన్ ఎలిమెంటరీ: 8 నుంచి 12 ఏళ్లు. జట్టుకు ఇద్దరు లేదా ముగ్గురు. ఆట రెండు నిమిషాలు. బయలుదేరే ముందు రోబో 250 మి.మీ. ఘనంలో ఇమడాలి. పోటీ రోజున ముందుగా చెప్పని అదనపు నిబంధన వచ్చి పడుతుంది.

ఫస్ట్ లెగో లీగ్ ఆట ఆగస్టులో, ఒలింపియాడ్ ఆట జనవరిలో బయటికి వస్తాయి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు, ఆ వెంటనే పరీక్షలు, వేసవి సెలవులు. ఒలింపియాడ్‌కు వెళ్లేవారు జనవరి, ఫిబ్రవరి నెలలు వదులుకుంటే జూన్‌లో పరుగే. వయసు, కిట్, రుసుము వివరాలను ఆ ఏటి నిబంధనల పుస్తకంలోనే చూసుకోండి. పోయిన ఏటి జ్ఞాపకంతో పేరు నమోదు చేయకండి.

## 7. పది వారాల సాధన

మొదటి రెండు వారాలు చదవడమే. నిబంధనలను తెలుగులో చిన్న వాక్యాలుగా పిల్లలతో తిరగరాయించండి. మ్యాట్ మీద ప్రతి పనికీ మూడు అంకెలు వేయించండి: ఎన్ని మార్కులు, బయలుదేరే చోటు నుంచి ఎంత దూరం, ఎంత కష్టం. దగ్గర్లో ఉన్నవి, ఒకే దారిలో పడేవి ముందు. అన్నీ చేయాలనుకున్న జట్టు ఏదీ పూర్తిచేయదు.

మూడు నుంచి ఆరో వారం దాకా కట్టడం, రాయడం. లెగో కిట్ తీసుకుంటే ఇక్కడ లెక్క మారుతుంది. 56 మి.మీ. చక్రం ఒక చుట్టుకు 17.6 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి మీటరుకు సుమారు 5.7 చుట్లు. సెకన్లు మరిచిపోయి చుట్లలో ఆలోచించమనండి.

రెండు చిట్కాలు. బయలుదేరే చోట రోబోను ఆనించడానికి ఒక అట్ట మూల తయారు చేసుకోండి, నిబంధనలు అనుమతిస్తేనే. కంటి అంచనాతో పెడితే ఆరంభంలోని చిన్న వంకర బల్ల చివర జానెడు అవుతుంది. రెండోది, దారిలో గోడ దొరికిన చోట రోబోను వెనక్కి నడిపి ఒక సెకను గోడకు నొక్కి ఉంచండి. వంకరంతా సరిపోయి మళ్లీ నిటారుగా బయలుదేరుతుంది.

ఏడో వారం నుంచి నోటు పుస్తకమే గురువు. ప్రతి పరుగుకూ ఒక వరుస: తేదీ, ఎన్నో పరుగు, సెల్లు ఎప్పుడు ఛార్జ్ చేశారు, మార్కులు, ఎక్కడ తప్పింది. పదిలో ఎనిమిదిసార్లు అయిన పనే పోటీకి వెళ్తుంది. పదిలో రెండుసార్లు అద్భుతంగా అయినదాన్ని వదిలేయండి. ఏడ్చినా సరే.

తొమ్మిదో వారంలో తాళం. ఆ తర్వాత కొత్త భాగం, కొత్త ఆలోచన వద్దు. ప్రోగ్రాంకు తేదీతో పేరు పెట్టి రెండు చోట్ల దాచండి. ఈ వారంలో పెద్దలెవరో ఒకరు మ్యాట్ మీద ఏదో ఒకటి హఠాత్తుగా మార్చాలి: ఒక వస్తువు స్థానం, లేదా గదిలో సగం లైట్లు ఆర్పేయడం. అరగంటలో పిల్లలే సర్దుకోవాలి.

మాట్లాడే సాధన పక్కన సాగుతూనే ఉండాలి. బట్టీ వద్దు. "మీ రోబో ఎక్కడ ఓడిపోయింది? ఏం మార్చారు?" అని బడిలో రోజుకొక టీచరు అడగాలి. నోటు పుస్తకం రాసిన పిల్లలు దీనికి తడుముకోరు. తెలుగులో జవాబు చెప్పవచ్చా అని నిర్వాహకులకు ముందే రాసి అడగండి. అడగకుండా భయపడి ఇంగ్లీషు బట్టీ పట్టించిన జట్లు మొదటి ఎదురు ప్రశ్నకే మూగబోతాయి. పరిష్కారం చూపమనే పోటీ అయితే సమస్య కోసం దూరం వెళ్లకండి. డ్రిప్ పైపుల రంధ్రాలు ఎందుకు పూడుతున్నాయో పక్క తోట రైతును అడిగి వచ్చిన పిల్లలకు మాటల కరువుండదు.

ఎవరు వెళ్తారు? నలిగిపోయే నిర్ణయం ఇదే. మూడో వారంలోనే పద్ధతి చెప్పండి: హాజరు, నోటు పుస్తకంలో వంతు. వెళ్లనివారికి ఉత్తుత్తి పదవులు ఇవ్వకండి. వాళ్లు బడిలో రెండో రోబోతో ఎదురు జట్టుగా సాధన చేయాలి, నిజంగా ఓడించాలని చూడాలి.

## 8. ప్రయాణం, పోటీ రోజు

బెంగళూరుకైనా హైదరాబాద్‌కైనా కర్నూలు, అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున బయలుదేరి పోటీలో దిగవద్దు, ముందు రోజే చేరండి. రోబోను ఒడిలో పెట్టుకుని వెళ్లాలని పిల్లలు పంతం పడతారు. థర్మోకోల్ పరిచిన పెట్టెలోనే పెట్టండి.

సంచిలో:

- ఛార్జ్ చేసిన సెల్లు రెండు జతలు, ఛార్జర్, పొడవైన ఎక్స్‌టెన్షన్ బోర్డు
- లాప్‌టాప్, దాని ఛార్జర్, ప్రోగ్రాం ఉన్న పెన్‌డ్రైవ్, అదనపు కేబులు
- అదనపు మోటారు, సెన్సార్, చక్రం, రబ్బరు బ్యాండ్లు
- రోబో ఫొటోలు, అన్ని వైపుల నుంచి, కాగితం మీద ముద్రించినవి
- నోటు పుస్తకం, నిబంధనల ప్రతి, వయసు ధ్రువపత్రాల నకళ్లు, తల్లిదండ్రుల అనుమతి పత్రాలు
- మంచినీళ్లు, తడి గుడ్డ, పిల్లలు ఇంట్లో రోజూ తినే తిండి

హాలులోకి వెళ్లగానే పిల్లలు చేయవలసిన మొదటి పని సెన్సార్ సర్దుబాటు. రెండోది టైర్లు తుడవడం. ఆ తర్వాతే సాధన పరుగు. సాధన సమయం ముగిశాక రోబోలను ఒక చోట పెట్టించి తనిఖీ చేసే పోటీల్లో ఆపై ప్రోగ్రాం మార్చడానికి వీలుండదు. కాబట్టి చివరి అయిదు నిమిషాలు కొత్త మార్పులు చేయకుండా, సరైన ప్రోగ్రామే ఎక్కిందో లేదో చూసుకోవాలి.

మీరు గీతకు ఇవతల కుర్చీలో కూర్చోండి. సైగలు చేయకండి. చేతులు ఊరుకోకపోతే నీళ్ల సీసా పట్టుకోండి.

తిరిగి వచ్చిన వారం సెల్లన్నీ డబ్బాల్లోంచి తీయించండి. బిగించి వదిలేస్తే సెలవుల్లో కారి డబ్బా తీగలు తుప్పు పడతాయి. నోటు పుస్తకంలో చివరి పరుగు మార్కులు రాయించి, ఆ రోబోను విప్పకుండా ఒక నెల బీరువా మీద ఉంచండి. వచ్చే ఏడాది మూడో తరగతిలోకి వచ్చే పిల్లలు దాన్ని చూసి అడిగే ప్రశ్నలకు జవాబులు దాన్ని కట్టినవారే చెప్పాలి.